ఇంటిల్లిపాదీ పాడిన వేలం

ఆఫీసులో ఆమెను జల్లెడ అంటారు. ముఖం మీదే అంటారు, ఆమె కూడా పలుకుతుంది. ఇంటర్నెట్‌లో వెబ్‌సైట్ల పేర్లు వేలం వేసే కంపెనీ అది. ఎవరైనా ఓ పేరును ముందే చవగ్గా కొని పెట్టుకుని, అది కావాల్సినవాడు తగిలినప్పుడు ఎక్కువకు అమ్ముకోవచ్చు. అక్కడ దొంగపాటలు పట్టుకోవడం జల్లెడ ఉద్యోగం. అమ్మేవాడే తన బావమరిదికో పక్కింటాయనకో ముసుగు తొడిగి, వేలంలో కూర్చోబెట్టి ధర పెంచుకుంటే అది దొంగపాట.

ఆమె పట్టే తీరు చిత్రంగా ఉండేది. ఒకాయన నాలుగు ఖాతాలు తెరిచి, తన సరుకు తనే హోరాహోరీగా పాడుకున్నాడు. ఒకటి కోపిష్టిలా, ఒకటి పిసినారిలా, నాటకం బాగా కట్టించాడు. కానీ వాళ్ళ వీధిలో కరెంటు పోయినప్పుడల్లా నలుగురికీ ఒకేసారి నోరు పడిపోయేది. జల్లెడ ఆ వీధి కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుని మరీ నలుగుర్నీ ఇంటికి పంపింది.

ఇంట్లోనూ అదే కన్ను. బిస్కెట్ల డబ్బా మూత ఎంత బిగించి ఉందో చూసి ఎవరు తిన్నారో చెప్పేస్తుంది. అందుకని మామగారికి ఆమె ఆఫీసుకు బయల్దేరాకే ఆకలి వేసేది.

ఆమె భర్త పరుపుల కొట్టులో సేల్స్‌మన్. మనిషి నెమ్మది. తాగుడు లేదు, పేకాట లేదు, పేర్లు కొనే పిచ్చి ఒక్కటే ఉంది. తాళంచెవి ఎక్కడ డాట్ కామ్, దార్లోనే ఉన్నా డాట్ కామ్, గొడుగు మర్చిపోయా డాట్ కామ్ లాంటివి ఓ పదిహేడు పోగేశాడు. ఏటేటా వాటికి మేత వేసినట్టు ఫీజు కడతాడు. పదకొండేళ్ళలో ఒక్క పేరునూ ఎవడూ అడిగిన పాపాన పోలేదు. అత్తగారు మాత్రం చుట్టాలతో, “మావాడికి ఆస్తులున్నాయి, కంటికి కనపడవంతే” అనేది.

ఈసారి అతను గుండె రాయి చేసుకుని తన ముద్దుబిడ్డ ‘ఇంకాసేపు పడుకుంటా డాట్ కామ్’ను భార్య పనిచేసే కంపెనీలోనే వేలానికి పెట్టాడు. ఉద్యోగుల ఇంటివాళ్ళు అమ్ముకోవచ్చు, పాడకూడదు, అంతే నియమం. ఆ వేలం తనిఖీ మాత్రం జల్లెడ చేతికి ఇవ్వకుండా మేనేజరు తన దగ్గరే పెట్టుకున్నాడు.

వేలానికి రిజర్వు ధర అని ఒకటుంటుంది. అమ్మేవాడు దీనికి తక్కువైతే ఇవ్వనని లోపల పెట్టుకునే అంకె అది. పాడేవాళ్ళకు అంకె కనపడదు. అందకపోతే పేజీ మీద ఎర్రగా ‘అందలేదు’ అని, అందితే పచ్చగా ‘అందింది’ అని ఉంటుంది. అతను బాగా ఆలోచించి కొత్త ఫ్రిజ్ ఖరీదు పెట్టాడు. “ఎందుకంత?” అంటే “ఫ్రిజ్ పాడైంది కదా” అన్నాడు.

మొదటి రోజు ఒక్క పాట వచ్చింది. జత చెప్పుల ధర. అది చూసి అతను కొట్టులో కస్టమర్‌ను పరుపు మీదే వదిలేసి పెళ్ళానికి ఫోన్ చేశాడు. రెండో రోజు నుంచి ధర పరిగెత్తింది. కుక్కరు దాటింది, మిక్సీ దాటింది, సీలింగ్ ఫ్యాను దాటి ఫ్రిజ్ వైపు నడిచింది. ఇన్నాళ్ళూ పక్కన నిలబడి పరుపులు చూపించినవాడు ఇప్పుడు వాటిమీద పడుకుని చూపించడం మొదలుపెట్టాడు. పదకొండేళ్ళకు లోకం తనవైపు తిరిగి చూసిందని నమ్మాడు. అతను అలా నవ్వడం జల్లెడ పెళ్ళి ఫోటోల్లో తప్ప చూసి ఎరగదు.

ఆఖరి రోజు సాయంత్రం మేనేజరు స్క్రీన్ ఆమెవైపు తిప్పాడు. “నువ్వు చూడకూడదు. కానీ ఒకసారి చూడు.”

జల్లెడ చూసింది. చెప్పుల ధర పాడినవాళ్ళు తర్వాత మళ్ళీ రాలేదు. మిగతా పాటలన్నీ మూడు ఖాతాలవే. ఒక ఖాతా పాటలు సాయంత్రం సీరియల్ వచ్చే అరగంటలోనే, అదీ ప్రకటనలు పడ్డప్పుడే వస్తున్నాయి. రెండో ఖాతా వాటికి కాసేపటి తర్వాత, తీరుబడిగా వస్తుంది. మూడోది మధ్యాహ్నం పాడుతుంది. సరిగ్గా జల్లెడ రోజూ పుట్టింటికి ఫోన్ చేసి పెట్టేశాక.

ఆమె స్క్రీన్‌ను మళ్ళీ మేనేజరు వైపు తిప్పేసింది.

“ఎవరో తెలిసిందా?” అన్నాడు మేనేజరు.

“అనుమానంగా ఉందండి. ఇంటికెళ్ళి చూస్తా.”

“తెలిస్తే చెప్పు, తీసేద్దాం. తెలియకపోతే...” అని గొంతు తగ్గించాడు. “నాకూ టార్గెట్లున్నాయమ్మా. ఎవరికీ ఏమీ పోదు.”

ఇంటికొచ్చి హాల్లో ల్యాప్‌టాప్ తెరిచి, అత్తగారి పక్కన సీరియల్ ముందు కూర్చుంది. టీవీలో కోడలు ఎవరికో విషం కలుపుతుండగా ప్రకటనలు పడ్డాయి. అత్తగారు చటుక్కున కొంగు కిందనుంచి ఫోన్ తీసింది. కళ్ళజోడు సవరించి, “నీ మొహం మండ! మళ్ళీ పెంచాడు” అని గొణిగి వేలితో పొడిచింది. ల్యాప్‌టాప్ మీద ధర పైకి లేచింది. ఇంతలో మామగారు, “కడుపులో ఏదోగా ఉంది” అంటూ ఫోన్ పట్టుకుని బాత్రూంలోకి నడిచాడు. గడియ పడింది. కాసేపటికి ధర ఇంకో మెట్టెక్కింది. దాంతోపాటే ఎర్ర అక్షరాలు పోయి ‘అందింది’ అని పచ్చగా వెలిగింది. లోపల నీళ్ళు వదిలిన చప్పుడు విజయధ్వనిలా వినపడింది.

“అత్తయ్యా, ఆ ఫోన్ ఇలా ఇవ్వండి.”

“ఏం? నా ఫోన్ నీకెందుకు?”

“మీ అబ్బాయి పేరు మీరే పాడుతున్నారా?”

అత్తగారు దాచలేదు. “పాడకేం చెయ్యను? ఎవడో వెధవ చెప్పుల డబ్బులకి అడిగాడు. నా కొడుకు ఇన్నేళ్ళు సాకిన పేరు అంత చవకా? మొదట మర్యాదకి ఒక్కటే పాడాను. ఇంకో వెధవ నామీద పోటీకొచ్చాడు. ఊరుకుంటానా?”

“ఆ ఇంకో వెధవ బాత్రూంలో ఉన్నాడండి.”

తలుపు తెరుచుకుంది. మామగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఇద్దరి మొహాలూ చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళబోయాడు.

“ఆగండి!” అని అరిచింది అత్తగారు. “మీరా? వారం నుంచి నన్ను ఏడిపిస్తోంది మీరా?”

“నాకేం తెలుసే నువ్వని? ఎవడో మొండివాడు అనుకున్నా. వాడు ఆగిపోతే అబ్బాయి బెంగపడతాడని...”

జల్లెడ తల్లికి ఫోన్ చేసింది. “అమ్మా, నువ్వు కూడానా?”

“మరేం చెయ్యమంటావే?” అంది తల్లి ఏమాత్రం తడుముకోకుండా. “మీ అత్తగారు ఫోన్ చేసి మావాడి పేరు వేలంలో ఉందని ఒకటే గొప్పలు. నువ్వేమో రోజూ ఇంకా అందలేదమ్మా అని నిట్టూర్పులు. అల్లుడి మర్యాద నేను చూడకపోతే ఎవరు చూస్తారు?”

అప్పుడే గుమ్మంలో ఆమె భర్త. మెట్లు పరిగెత్తి ఎక్కినట్టున్నాడు, రొప్పుతున్నాడు. ఫోన్ పైకెత్తి చూపించాడు. “పచ్చబడింది! చూశావా? పచ్చబడింది!”

వేలం ముగియడానికి ఇంకో పావుగంట ఉంది. జల్లెడ నోరు మూసుకుంటే చాలు. మామగారి డబ్బు కొడుకు జేబులోకి వస్తుంది, మధ్యలో కంపెనీ కాస్త కమిషన్ కొరుక్కుంటుంది, ఫ్రిజ్ వస్తుంది, ఈ నవ్వు ఉంటుంది. ఇలాంటి నవ్వులు పరాయి ఇళ్ళలో ఎన్ని ఆర్పిందో ఆమెకు లెక్కలేదు. వాళ్ళకూ అమ్మలుండే ఉంటారు.

“ఏవండీ, కూర్చోండి” అంది.

చెప్పింది. అతను తల్లిని చూశాడు, తండ్రిని చూశాడు, ఫోన్‌లో ఇంకా లైన్‌లోనే ఉన్న తన అత్తగారిని చూసినట్టు ఫోన్‌నూ చూశాడు. జల్లెడ బాల్కనీలోకి వెళ్ళి మేనేజరుకు ఫోన్ చేసింది.

“ఆ మూడు ఖాతాలూ మా ఇంటివే సార్. తీసెయ్యండి.”

“మూడూనా?”

“మూడూనండి.”

“మీ ఇంట్లో కుక్క ఉందా అమ్మా?”

“లేదండి.”

“ఉంటే అదీ పాడేదే” అని నిట్టూర్చి మీట నొక్కాడు.

ధర ఫ్రిజ్ మీంచి దబ్బున కిందపడి చెప్పుల దగ్గర ఆగింది. పచ్చ పోయి ఎరుపు వచ్చింది.

ఆమె హాల్లోకి రాగానే అతను అడిగాడు. “ఆ చెప్పులాయన... మీ పిన్ని కాదు కదా?”

“కాదు.”

“మా బాబాయి?”

“కాదండి. మేనేజరుగారు చూశారు, నేనూ చూశాను. ఎవరో బయటి మనిషి. మనకేమీ కారు.”

“మనకేమీ కారు” అని అతను మెల్లగా మళ్ళీ అన్నాడు. ఆ మాట నోట్లో చప్పరించినట్టు అన్నాడు. “ఎవరూ చెప్పకుండా, తనంతట తానే వచ్చి అడిగాడన్నమాట.”

“ఆ.”

“రిజర్వు తగ్గించొచ్చా?”

“ముగిసేలోపు మీ ఇష్టం.”

అతను తగ్గించడం కాదు, మొత్తం ఎత్తేశాడు. జత చెప్పుల ధర దగ్గర పేజీ మళ్ళీ పచ్చబడింది. ఈసారి అలాగే ఉండిపోయింది. మిగిలిన కాస్త టైమూ గడిచి, అమ్ముడుపోయిందని కబురొచ్చింది. అతను ఆ కబురును మూడుసార్లు చదివి, తండ్రికి ఓసారి చదివి వినిపించి, అన్నానికి రమ్మంటే ఇంకా చదువుతూనే ఉన్నాడు.

“చెప్పుల డబ్బులకి అమ్ముకుని ఆ సంబరమేమిటో” అంది అత్తగారు పళ్ళెం జరుపుకుంటూ. తర్వాత తన ఫోన్ తెరిచి మొహం ముడిచింది. “ఇదేంటి అమ్మాయ్? నన్ను ఏడాదిపాటు వేలాల్లోకి రావద్దంటోంది. ఎవరు చేశారీ పని?”

“నేనే చేయించాను అత్తయ్యా. నియమం అది. అమ్మకీ అంతే, మామయ్యగారికీ అంతే.”

అత్తగారు ఫోన్ పక్కన పెట్టి మామగారి వైపు ఓ చూపు విసిరింది.

“నాకు ఏడాది సరే. ఆయనకి రెండేళ్ళు చెయ్యి. నామీదే పాడాడు.”