దేవవ్వ చల్లిన సానుపు

మోస్రాలో దేవవ్వ ఇంటి ముందు పొద్దున్నే ఎవరైనా జారిపడ్డారంటే తప్పు వాళ్లది కాదు, దేవవ్వది. ఇంకా చీకటి విడకముందే లేచి, పేడ కలిపిన నీళ్లతో వాకిలంతా సానుపు చల్లేది. తన వాకిలి అయిపోతే పక్కింటి వాకిలి, అదీ అయిపోతే చెరుకు బండ్లు పోయే బాట. నిజాంసాగర్ కాలువ ఊరి పక్కనే పారుతుంటే నీళ్లకు వెనకాడేదెవరు? పెనిమిటి లింబయ్య బతికున్నన్నాళ్లు చెరుకు పండించి బోధన్ ఫ్యాక్టరీకి బండ్లు తోలాడు. ఆయన పోయాక కొడుకు లింబాద్రి లారీ పట్టాడు.

నిజామాబాద్ గంజ్‌లో పసుపు బస్తాలు ఎత్తుకుని రాజస్థాన్ దాకా పోయొచ్చేవాడు లింబాద్రి. వచ్చినప్పుడల్లా అక్కడి ఇసుక ముచ్చట్లు చెప్పేవాడు. అక్కడి ఆడవాళ్లు తాగే నీళ్ల కోసం సగం పొద్దు నడుస్తారంటే దేవవ్వ బుగ్గలు నొక్కుకునేది.

"నీళ్లు లేని దేశముంటదారా? ఉంటే ఆ ఊర్లెకు పిల్లనెవరిస్తరు? నాకేం తెల్వదని కతలు సెప్తున్నవ్."

"అయితే నువ్వే వచ్చి సూడవ్వా" అన్నాడు కొడుకు.

అతను మాటవరసకు అన్నాడు, దేవవ్వ గట్టిగా పట్టుకుంది. దారిలోనే పుష్కర్ క్షేత్రం ఉందని, అక్కడ మునిగితే పోయిన పెనిమిటికి మేలని ఎవరో చెవిన వేశారు. ఇక ఆగుతుందా? పందొమ్మిది వందల డెబ్బయ్యో సంవత్సరం, కొత్త పసుపు గంజ్‌కు వచ్చే రోజుల్లో, లారీ ముందు సీట్లో అందరూ సర్దుకుని కూర్చున్నారు. లింబాద్రి, అతని భార్య రేణుక, ఆమె ఒళ్లో రెండేళ్ల బిడ్డ చంద్రి, కిటికీ పక్కన మహారాణిలాగా దేవవ్వ. వెనక పసుపు బస్తాల మీద జొన్న రొట్టెలు, కారప్పొడి, ఇంటి బెల్లం.

నాందేడ్ దాటేదాకా ఆమె నోరు మూతపడలేదు. బోధన్ సంతలో మరాఠీ విన్న చెవులే కాబట్టి ప్రతి చాయ్ హోటల్ దగ్గరా ఎవరితోనో ఒకరితో మాట కలిపింది. పుష్కర్‌లో మునిగి, లింబయ్య పేర నీళ్లు వదిలి, కొడుకు నెత్తి నిమిరి కళ్లు తుడుచుకుంది. బోధన్ సంత, భీమ్‌గల్ జాతర తప్ప ఎరగని మనిషిని ఇంత దూరం తెచ్చాడు కదా అని ఆమె కడుపు నిండిపోయింది.

జోధ్‌పూర్ దాటాక ఎటు చూసినా ఇసుకే. చెట్టంటే జమ్మి చెట్టే. మన దగ్గర దసరాకు మొక్కే చెట్టు అడుగడుగునా కనబడేసరికి దేవవ్వ ప్రతి చెట్టుకూ చేతులు జోడించింది. కాసేపటికి చేతులు నొప్పి పుట్టి మానేసింది.

పసుపు దించాల్సిన ఊరు ఇంకా దూరముండగానే లారీ గుంతలో పడి చక్రాల మీది కమాను పట్టీ విరిగి ఆగిపోయింది. అప్పటికే చంద్రికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కళ్లు లోపలికి పోయి, మెడ వాలేసింది. దూరంగా నాలుగు గుడిసెలు కనబడితే పిల్లను ఎత్తుకుని అటు పరిగెత్తారు. మొదటి గుడిసెలోంచి వచ్చిన ధాపూబాయి మీరెవరు, మీదే ఊరు అని కూడా అడగలేదు. పిల్ల మొహం చూసి గబగబా మంచం వాల్చింది. లింబాద్రి పట్టీ కోసం, మందు కోసం ఒంటెబండి ఎక్కి పట్నం పోయాడు.

ధాపూబాయి భర్త ఆవుల్ని తోలుకుని గడ్డి దొరికే సీమకు వెళ్లాడు. ఇంట్లో ఆమె, మూడేళ్ల కూతురు, ఒక మేక. ధాపూబాయే దేవవ్వ మూటలోని బెల్లం తీసుకుని, చిటికెడు ఉప్పు వేసి, నీళ్లలో కలిపి చెంచాతో చంద్రికి పట్టింది. కక్కితే మళ్లీ పట్టింది. పొద్దుగూకేదాకా ఆ చెయ్యి ఆగలేదు. దేవవ్వ మేకకు ఆకు వేయడానికి పోయినప్పుడు, ధాపూబాయి మూలనున్న నిండు కడవను చూపించి, రేపటికి ఇవి పిల్లకే, ఇంకో చుక్క లేదని రేణుకకు సైగలతో చెప్పింది. ఆ సంగతి దేవవ్వ చెవిన పడలేదు.

తెల్లవారుతుండగా ఆమెకు మెలకువ వచ్చింది. చంద్రి నిమ్మళంగా నిద్రపోతోంది. చెయ్యి పట్టుకుంటే నిద్రలోనే వేలు గట్టిగా పట్టుకుంది. దేవవ్వకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. ఈ తల్లికి నేనేం చెయ్యగలను అని చుట్టూ చూసింది. గుడిసె ముందు వాకిలి సానుపు లేక బోసిగా ఉంది. ఇంత మంచి మనిషి వాకిలి ఇట్లా ఉండొచ్చా? పేడ కోసం వెతికితే దొరకలేదు. లేకపోతే పోయింది, వట్టి నీళ్లే చల్లుదామని మూలనున్న కడవ ఎత్తుకొచ్చింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా చేతి నిండా తీసి చల్లింది. చల్లినవి చల్లినట్టు ఇసుక మింగేస్తుంటే, ఇది వాకిలా ఏమన్నానా అని విసుక్కుని కడవ అడుగు దాకా ఒంపేసింది.

ధాపూబాయి బయటికొచ్చింది. మెచ్చుకుంటుందని దేవవ్వ నవ్వుతూ నిలబడింది. ఆమె తడి నేలను చూసి, ఖాళీ కడవను చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. వెనకే వచ్చిన రేణుక కేక పెట్టింది.

"అత్తమ్మా! అవి చంద్రికని దాచిన నీళ్లు! ఇంట్ల ఇంకో సుక్క లేదు!"

లోపల చంద్రి లేచి నీళ్లకోసం ఏడుపు అందుకుంది. ఎక్కడో దూరానున్న బావికి పోయొచ్చేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. అందాకా ఆ పసిది తట్టుకుంటుందా? మనవరాలి ప్రాణాన్ని దేవవ్వ తన చేత్తోనే నేలపాలు చేసింది. దేవుడు తనను పుష్కర్‌లోనే తీసుకుపోయినా బాగుండేదనుకుంది.

ధాపూబాయి చెంబు పట్టుకుని పక్క గుడిసెకు పరిగెత్తింది, అక్కణ్నుంచి ఇంకో గుడిసెకు. కాసేపటికి ఒకామె ముంతతో వచ్చింది, మరొకామె గిన్నెతో. ఒక ముసలామె గ్లాసెడు నీళ్లు ఒలక్కుండా అరచెయ్యి మూతపెట్టి తెచ్చింది. అవి వాళ్ల ఇళ్లలో ఆ పూట తాగే నీళ్లు. ఏ ఒక్కరి మొహంలోనూ చిరాకు లేదు. బెల్లం, ఉప్పు కలిపి పడితే చంద్రి గటగటా తాగి, కక్కకుండా తల్లి భుజం మీద వాలింది.

అప్పుడే ఒంటెబండి దిగిన లింబాద్రికి రేణుక జరిగిందంతా చెప్పింది. అతను తల్లి మీద ఇంతెత్తున లేచాడు.

"తెలివున్నదా అవ్వా నీకు? గిది మోస్రా అనుకున్నవా?"

దేవవ్వ ధాపూబాయి ముందు కూలబడి, "తప్పయింది బిడ్డా, మాఫ్ చెయ్యి" అని కాళ్లు పట్టుకోబోయింది. ధాపూబాయి ఆమెను లేవదీసి, వాకిట్లోకి చూపించి ఏదో చెప్పింది. అక్కడ ఆమె కూతురు తడి నేల మీద బోర్లా పడుకుని, ముక్కు నేలకానించి గట్టిగా ఊపిరి పీలుస్తోంది. గుప్పెడు తడి మన్ను తీసి వాసన చూసి కిలకిలా నవ్వుతోంది.

"ఏమంటున్నదిరా?" అంది దేవవ్వ.

లింబాద్రి కోపం ఎటు పోయిందో పోయింది.

"ఈ పిల్ల పుట్టినకాడికెల్లి ఈడ వాన పడలేదంట అవ్వా. తడిసిన మన్ను వాసన దానికి తెల్వదంట. నా బిడ్డకు వాన వాసన సూపెట్టినవ్, ఏడ్వకు అంటున్నది."

దేవవ్వ ఏడవకుండా ఎట్లా ఉంటుంది? వెక్కి వెక్కి ఏడ్చి, ఖాళీ కడవ నెత్తికెత్తుకుని, బావి బాట చూపమని ధాపూబాయి వెనక నడిచింది.

చంద్రి కోలుకుంది. వాళ్లు పసుపు దించి, క్షేమంగా మోస్రా చేరారు. ఆ తర్వాత ప్రతి ఏడూ, వాన కోసం ఊరంతా పోచమ్మకు మొక్కేటప్పుడు దేవవ్వ కూడా కొంగు పట్టి నిలబడేది. పక్కనున్నవాళ్లు ఉరిమి చూసినా లెక్కచేయకుండా గట్టిగానే మొక్కేది.

"ముందుగాల ధాపూబాయి ఊర్లె పడనియ్యి తల్లీ. ఆనక మాకు."