రష్యా ఆవిడ నోటుపుస్తకం

“ఐయామ్ సారీ ఫర్ యువర్ లాస్” అంది పక్కింటి రష్యా ఆవిడ. “సరేలేమ్మా, లోపలికి రా” అన్నాను తెలుగులోనే. మా ఇద్దరి మధ్యా అవే ఆఖరి మాటలు. ఆ వారమే ఆవిడ ఇల్లు మారిపోయింది.

మా ఆయన పోయాక అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మేనకోడలు సుజాత దగ్గర ఉంటున్నాను. నేను బాల్కనీలో వడియాలు పెట్టినప్పుడల్లా పక్క బాల్కనీలోంచి ఆవిడ నన్ను చూస్తూ, పెదాలు కదుపుతూ, నోటుపుస్తకంలో ఏదో రాసుకునేది. ఒకరోజు బాల్కనీలో ఏమీ ఆరబెట్టొద్దని అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది.

“ఇంకోసారైతే ఖాళీ చేయమంటారు అత్తా” అని సుజాత భయపడిపోయింది.

ఇది ఆవిడ పనే అనుకున్నాను. మా గుమ్మం ముందు కనబడగానే ఆవిడ చేతిలోని పుస్తకం లాగేసుకున్నాను. “ఏం రాశావే నా మీద?”

సుజాత దానిమీద ఫోన్ పెట్టి, తెలుగులోకి మార్చి చదివింది. “అత్తా, ఇంగ్లీషులో ఎప్పుడు ఏ మాట అనాలో రష్యన్‌లో రాసుకుంది. ఇదిగో, గీత గీసింది చూడు. ‘భర్త పోయినవాళ్లతో ఇలా అనాలి. పక్కింటామెకు చెప్పాలి’ అని ఉంది.”

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అప్పుడే ఆవిడ పుస్తకం చూడకుండా ఆ మాట అంది.

అడక్కుండా మనిషిని అనుమానించడం తప్పే. నోటీసు ఎవరు తెప్పించారో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

సుజాతా, నేను చెబుతుంటే నువ్వు రాసిందంతా ఒకసారి చదివి వినిపించు. నువ్వేం కలిపావో వినాలి.