తాతయ్య అందించిన మొదటి అక్షరం

నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం నేను చచ్చిపోయాను. నవ్వకండి, నాటకంలోనే. హనుమాన్ జంక్షన్ దగ్గర మా ఊళ్లో, పాత రైసు మిల్లు గోడౌనులో మర్నాటి ప్రదర్శనకు రిహార్సల్ జరుగుతోంది. కాలవలో పడి చనిపోయే కూతురి వేషం నాది.

మా తాతయ్య ఆ నాటకానికి ప్రాంప్టర్. పక్కతెర చాటున పుస్తకం పట్టుకుని నిలబడి, మాట మరిచిన నటులకు అందించేవాడు. ఆ పొద్దున నన్ను స్టేజీ అంతా తిప్పి పేర్లు నేర్పాడు. ముందుతెర, అడవి బొమ్మ వేసిన వెనకతెర, రెండువైపులా పక్కతెరలు. కుడి, ఎడమ అంటే జనం వైపు తిరిగి నిలబడ్డ నటుడి కుడి, ఎడమలట.

"ప్రాంప్టరు మాటంతా చెప్పేయకూడదమ్మా. మొదటి అక్షరం అందించి ఊరుకోవాలి. మిగతాది వాళ్ల నోట్లోంచే రావాలి," అన్నాడు. మొత్తం చెప్పేస్తే పీడా పోతుంది కదా అనుకున్నాను నేను.

ఆ నాటక సమాజంలో ఒక పట్టింపు ఉండేది. శవంగా పడుకున్నవాళ్లను తెర పడ్డాక, వాళ్ల మీద పడి ఏడ్చినవాళ్లే సొంత పేరు పెట్టి పిలిచి లేపాలి. పిలవకుండా లేస్తే చావు వెంట ఇంటికొస్తుందని భయం.

నా తల్లి వేషం మా పక్కింటి అత్తది. ఆమె కూతురు, నా ఈడుదే, ముందటేడు జ్వరంతో పోయింది. ఆ తర్వాత అత్త ముఖానికి రంగు వేసుకోవడం అదే మొదటిసారి. ఈ వేషం చేయలేకపోతే ఇక జన్మలో స్టేజీ ఎక్కనని ముందే చెప్పింది.

రిహార్సల్లో నా చావు ఘట్టం అయి తెర పడింది. గోడౌనులో ఊక వాసన, దూలాల మీద పావురాల చప్పుడు. అత్త ఏడుపు మాత్రం ఆగలేదు. చల్లటి చేత్తో నా బుగ్గలు తడుముతూ పేరు పెట్టి పిలిచింది. అది నా పేరు కాదు, పోయిన పిల్ల పేరు.

మళ్లీ పిలిచింది. కళ్లు తెరవాలంటే భయం, తెరవకపోతే ఇంకా భయం. మూడోసారి పిలిచినప్పుడు నా కుడిపక్క స్టేజీ చెక్కలు కిర్రుమన్నాయి, ఎవరో ఒత్తిగిలినట్టు. అటువైపు ఎవరూ లేరని నాకు తెలుసు. అన్నిటికన్నా భయమేమిటంటే, ఆ పేరుకు నేనే పలుకుదామనుకున్నాను. పెదవులు విడివడ్డాయి కూడా.

అప్పుడు ఎడమ పక్కతెర చాటునుంచి తాతయ్య గొంతు వినిపించింది. నా పేరులో మొదటి అక్షరం, అంతే. అత్త చెయ్యి ఆగింది. తాతయ్య తొందరపడలేదు. కాసేపాగి మళ్లీ అదే అక్షరం అందించాడు. అత్త గొంతు సవరించుకుని నా పేరు పూర్తిగా పలికింది.

"లేమ్మా. మీ అమ్మ చూస్తా ఉంటది, ఇంటికెళ్లు," అంది.

లేచి కుడివైపు చూశాను. ఎవరూ లేరు. మర్నాడు జనం ముందు తెర పడగానే, ఎవరూ అందించకుండానే అత్త నా పేరు పిలిచింది.

ఇప్పుడు విజయవాడలో నాటకం నేర్చుకునే పిల్లలకు ఈ పేర్లన్నీ నేనే చెబుతుంటాను. ప్రాంప్టర్ దగ్గరికి వచ్చేసరికి తాతయ్య సంగతి చెబుతాను. చివరి రోజుల్లో తాతయ్య నన్ను గుర్తుపట్టలేదు. ఇంట్లోవాళ్లంతా నా పేరు ఆయన చెవిలో గట్టిగా అరుస్తున్నారు. వాళ్లను ఊరుకోమని, మంచానికి ఎడమవైపు కూర్చుని, మొదటి అక్షరం అందించి ఆగాను. చాలాసేపు పట్టింది. మిగతాది ఆయనే అన్నాడు.