దోమతెర కర్రల మధ్య ఎర్ర దారం

పోయిన సోమవారం మా ఆడబిడ్డ ప్రభువు సన్నిధికి చేరింది. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. ప్రార్థన కూడికలో అందరూ ఆమె గురించి మాట్లాడారు. ఆమె అంటే నాకు అసూయ. అక్కడ నోటికి రాని ఆ మాట ఇక్కడ రాస్తున్నాను.

నా చదువు పదో తరగతితో ఆగింది. ఆమె లెక్కల్లో పెద్ద చదువు చదివి, మా ఇంట్లోనే ఉంటూ హన్మకొండలో చెప్పులు బయట విడిచి వెళ్ళే చల్లటి కంప్యూటర్ గదిలో ఉద్యోగం చేసింది. నాకు వచ్చిందల్లా చర్చికి జపమాలలు కట్టివ్వడం.

నాలుగేళ్ల కిందట వాళ్ల ఆఫీసుకు బడిపిల్లల మార్కుల ప్రోగ్రాం తయారుచేసే పని వచ్చింది. ఏది అయ్యాక ఏది మొదలుపెట్టాలో కాగితం మీద గీస్తే గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆమె ఖాళీ మంచానికున్న దోమతెర కర్రల వైపు చూసింది.

“వదినె, నీ పూసలు జర ఇయ్యరాదు? ముడులు గూడ నువ్వే ఎయ్యాలె. నాకు చేతగాదు.”

కర్రల మధ్య దారాలు కట్టి పూసలు వేలాడదీశాం. ఒక్కో పనికి ఒక పూస. తలాపు నుంచి కాళ్ల వైపుకు వారాలు, అడ్డంగా మనుషులు. కష్టమైన పని పైన, తేలికది కింద. ఒక పని మరో పని కోసం ఆగాలంటే రెండు పూసలకూ నడుమ ఎర్ర దారం. మంచం చుట్టూ తిరిగితే అంతా విడివిడిగా కనబడేది.

“ఇన్నేండ్లకు నీ పూసలు పనికొచ్చినయి,” అని మా ఆయన నవ్వారు. జపమాలల కోసం వచ్చిన ఫాదర్ వాటిని చూడకుండానే సంచిలో వేసుకుని, మంచం చుట్టూ రెండుసార్లు తిరిగారు. “ఎంత తెలివి తల్లీ నీది!” అన్నారు ఆమెతో.

మర్నాడు ఊడుస్తూ ఒక ఎర్ర దారం కత్తిరించి కొంగున దాచాను.

ఆమె రోజూ ఆ మంచం చూసి, ఎవరికి ఏ పనో రాసుకుని వెళ్ళేది. ఆ దారం కనబడక, సబ్జెక్టుల వరుస ఖాయం కాకముందే మార్కుల షీటు అచ్చువేసే భాగం మొదలుపెట్టించింది. పది రోజుల పని పాడైంది. పెద్దసారు అందరి ముందూ తిట్టాడట.

ఆ సాయంత్రం మంచం చుట్టూ తిరిగి ఒక పూస దగ్గర ఆగింది.

“వదినె, ఈడొక దారం ఉండె గదా?”

“ఊడిపోయిందేమో.”

“నువ్వేసిన ముడి ఊడదు.”

పూసకు ముడి అలాగే ఉంది. కొస సాఫుగా తెగి ఉంది. ఆమె నా మొహం చూడలేదు. “మళ్ల కట్టు వదినె, పొద్దున పనున్నది,” అంది అంతే. ఆఫీసులో తప్పు తనదేనని చెప్పింది, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ ఓర్పును చూసి కూడా అసూయపడ్డాను.

పాపసంకీర్తనంలో తప్పు ఒప్పుకుంటూ ఫాదర్‌కు చెప్పాను. ఆమెకు చెప్పలేదు. ఆమె జబ్బుతో దవాఖానలో ఉన్న చివరి వారం, చెప్పాలనే అక్కడికి వెళ్ళాను.

“ఆ దారం...” అన్నాను.

“నిలవడితివేంది వదినె? కూసో,” అంది. నొప్పికి పళ్లు బిగబట్టి, కాళ్లు మెల్లగా ముడుచుకుని, ఆ ఇనుప మంచం మీద నాకు జానెడు చోటిచ్చింది. మిగతా మాట రాలేదు. ఆమె కాళ్ల వెచ్చదనం ఇంకా ఆరని ఆ దుప్పటి మీద కూర్చున్నాను.