వెచ్చని మూల

చలికాలం వచ్చిందని నాకంటే ముందు నా నడుముకి తెలుస్తుంది. పొద్దున్నే మంచం దిగబోతుంటే పట్టేసిందంటే, బయట మంచు మొదలైనట్టే. హైటెక్ సిటీలో కుర్చీకి అతుక్కుపోయి, ఇంకొకళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఆ తప్పులన్నీ ఏళ్ళ తరబడి నా వెన్నులోకి దిగినట్టున్నాయి. డాక్టరు స్కాన్ చూసి, ఆపరేషన్ వద్దనుకుంటే రోజూ ఈత కొట్టమన్నాడు. ఆయనకేం, చెప్పేశాడు.

మా అపార్టుమెంట్లో ఈతకొలను లేకపోలేదు. బ్రోచర్‌లో సముద్రంలా కనిపిస్తుంది. దిగితే నాలుగు బారలు వేసేలోపే చేతికి గోడ తగులుతుంది. పైగా చలికాలమంతా మూసేస్తారు. అందుకని వెనక గేటు తీసుకుని చెరువుకి పోవడం మొదలుపెట్టాను. ఖాజాగూడ వైపు పెద్ద రాతిగుండ్ల మధ్య, కట్టడాలకు దొరక్కుండా మిగిలిపోయిన చిన్న చెరువు అది. నేను కృష్ణా జిల్లా కాలవలో ఈత నేర్చుకున్నదాన్ని, నీళ్ళంటే భయం లేదు. చూసేవాళ్ళు ఏమనుకుంటారోనన్న జంకు కొంచెం ఉండేది కానీ నడుం నొప్పి ముందు అది నిలవలేదు. పాత చుడీదారు వేసుకుని దిగిపోయేదాన్ని.

ఆ చెరువుకి ఒక్కో కాలంలో ఒక్కో బుద్ధి. ఎండాకాలంలో పైన జానెడు నీళ్ళు కాలిపోతుంటాయి, కాళ్ళు కిందికి వదిలితే మాత్రం చల్లగా తగులుతుంది. వానలు పడ్డాక నీళ్ళు ఎర్రబడి, రోడ్ల మీది చెత్తంతా వచ్చి చేరుతుంది. అప్పుడు దిగకపోవడమే మంచిది. వినాయకుణ్ణి నిమజ్జనం చేశాక కొన్నాళ్ళపాటు రంగులు తేలుతూ, కర్రముక్కలు పాదాలకి గుచ్చుకుంటూ ఉంటాయి. బతుకమ్మ పూలు తేలే రోజులే అసలైన రోజులు. నీళ్ళు తేరుకుని ఒంటికి సరిగ్గా సరిపోతాయి. ఆ కొద్ది వారాలూ వెల్లకిలా తేలుతూ ఆకాశం చూసేదాన్ని. నొప్పి ఉండేది కాదు. నొప్పి లేకపోవడమంటే ఏమిటో నేను మర్చిపోయి చాలాకాలమైంది, అందుకే అప్పుడప్పుడు ఊరికే ఏడుపొచ్చేది.

తర్వాత చలి. మొదటి ఏడాది డిసెంబరులో మోకాళ్ళ లోతులో నిలబడి, ముందుకీ పోలేక వెనక్కీ రాలేక వణుకుతున్నాను. అవతల నుంచి ఒక పెద్దాయన కేకేశారు. ఆయన ఆ ఊరివారే. బళ్ళో డ్రిల్లు సారుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పటి నుంచీ ఈ చెరువులోనే ఈదుతున్నారు.

“గాడ నిలవడి వణుకుడెందుకు బిడ్డా? గీ మూలకు రా. ఈడ నీళ్ళు గోరువెచ్చగుంటయి.”

వెళ్ళాను. నిజమే. తుంగ పక్కన, పెద్ద గుండు నీడలో నీళ్ళు నడుముకి కాపడం పెట్టినట్టున్నాయి. ఎందుకిలా ఉన్నాయని అడిగితే ఆయన గుండు మీద చెయ్యేశారు.

“ముందుగాల లేకుండె. కొత్తగ అయితుంది. గీ గుండ్లు పొద్దంత ఎండ తాగుతయి గద, రాత్రంత నీళ్ళల్ల ఇడుస్తయి.”

గుండ్లు అక్కడ ఎప్పటి నుంచో ఉన్నాయి కదా, వేడి మాత్రం కొత్తగా ఎందుకొచ్చిందని ఎవ్వరమూ అడగలేదు. అప్పటికి మా అపార్టుమెంటు నుంచి ఇంకో నలుగురైదుగురు ఈతకి రావడం మొదలైంది, అందరం కంప్యూటర్ల ముందు బతికేవాళ్ళమే. ఒకాయన రాయి నుంచి నీటిలోకి వేడి ఎలా దిగుతుందో బొమ్మ గీసి వాట్సాప్‌లో పెట్టాడు. ఇంకొకాయన అడుగున వేడినీటి ఊట ఉందన్నాడు. ఆ మూల కాస్త వాసన వేసేది. గుర్రపుడెక్క కుళ్ళిందనుకున్నాం. నురగ కనిపించేది. గాలికి అనుకున్నాం. నొప్పి తగ్గుతున్నప్పుడు మనిషి ఏదైనా అనుకోగలడు.

రెండు చలికాలాలు ఆ మూల నన్ను నిలబెట్టింది. ఆపరేషన్ మాట ఎత్తడం డాక్టరు మానేశాడు.

మూడో ఏడు చలిలో ఒకరోజు మా అపార్టుమెంట్లో మోటార్లు కాలిపోయి ఏ ఫ్లాటులోనూ చుక్క నీళ్ళు రాలేదు. వాట్సాప్ గ్రూపు తిట్లతో నిండిపోయింది. నేను హాయిగా చెరువుకి పోయాను. వెచ్చని మూలలో కాలు పెడితే జివ్వుమంది. సారు అప్పటికే దిగి గజగజలాడుతున్నారు.

“ఇయ్యాల గుండ్లు గిట్ల సల్లవడ్డయేంది బిడ్డా?”

మర్నాడు ఇంట్లో నీళ్ళొచ్చాయి. చెరువులో మూల మళ్ళీ వెచ్చబడింది. తప్పులు వెతికి బతికేదాన్ని, ఇంక ఆగలేకపోయాను. తుంగని పక్కకి తొలగిస్తూ గుండు వెనక్కి నడిచాను. అక్కడ మా ప్రహరీ వైపు నుంచి వచ్చి, నీళ్ళలో సగం మునిగిన గొట్టం. దాన్నుంచి పొగలు కక్కుతూ నురగ వస్తోంది. మా ఫ్లాట్లన్నిట్లో నేల తుడిచే నిమ్మకాయ మందు వాసన గుప్పుమంది. పొద్దుటి పూట అందరూ ఒక్కసారే గీజర్లు వేస్తారు. నేను రెండేళ్ళుగా మా వాళ్ళ స్నానాల నీళ్ళలో ఈదుతున్నాను. స్నానాలవే అయితే బాగుండును.

ఒడ్డున వాంతి చేసుకున్నాను. ఆ సాయంత్రమే అసోసియేషన్ వాళ్ళని కలిశాను. మురుగునీరు శుద్ధి చేసే ప్లాంటు చెడిపోయి చాలా కాలమైందట.

“దానికి పెద్ద ఖర్చవుతుందండి. వచ్చే బడ్జెట్‌లో చూద్దాం,” అన్నారు ప్రెసిడెంటు గారు. తర్వాత కళ్ళద్దాలు తీసి నన్ను చూశారు. “అసలు మీరు అందులో దిగుతున్నారా మేడం? రేపు ఎవరికైనా ఏదైనా అయితే మన మీదికి రాదూ?”

ఆ వారంలోనే పని జరిగింది. మా అసోసియేషన్ అంత చురుగ్గా పని చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. వెనక గేటుకి తాళం పడింది. చెరువు ఒడ్డున కంచె, దాని మీద పచ్చ బోర్డు: నీరు కలుషితం, ఈత నిషేధం. గొట్టం జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

నేను రోడ్డు మీంచి చుట్టు తిరిగి వెళ్ళాను. సారు భుజాన తువ్వాలుతో కంచె ముందు నిలబడి ఉన్నారు.

“ఎవలు వెట్టిన్రు బిడ్డా గీ బోర్డు?”

“మేమే సార్.”

“మరి నీళ్ళెవలు ఖరాబు చేసిన్రు?”

“అదీ మేమేనండి.” గొట్టం సంగతి చెప్పాను. వింటూ ఆయన తన చేతుల వైపు చూసుకున్నారు. నన్ను తిడితే బాగుండుననిపించింది. తువ్వాలు భుజం మార్చుకుని ఊరివైపు వెళ్ళిపోయారు. మళ్ళీ కనిపించలేదు.

బడ్జెట్ రెండుసార్లు వచ్చి వెళ్ళింది. నడుం మళ్ళీ మొదటికొచ్చింది. ఈత ఎందుకు మానేశారని డాక్టరు అడిగితే చలి అని చెప్పాను. సిగ్గు లేకుండా చెప్పాలంటే, ఒక్కోసారి ఆ మూల మీదికి మనసు పోతుంది. ఇప్పుడు పొద్దున్నే గీజరు వేసుకుని, స్టూలు మీద కూర్చుని, చెంబుతో వేడినీళ్ళు నడుం మీద పోసుకుంటాను. కాస్త హాయిగానే ఉంటుంది. ఆ నీళ్ళు కాళ్ళ మధ్య నుంచి జారి, నేల మీది జాలీలోంచి చెరువుకి పోతాయి.