ఆగే కారు, ఆగని జీపు

పోలీసు చర్య జరిగిన మరుసటి వేసవిలో ఆరోగ్య శాఖ నన్ను మహబూబాబాదుకు హెల్త్ ఇన్‌స్పెక్టరుగా వేసింది. అటు జనగామ నుంచి ఇటు భూపాలపల్లి అడవుల దాకా ఊరూరా తిరిగి మశూచి టీకాలు వేయడం నా పని. పేరుకు ఇన్‌స్పెక్టరునే గానీ నా కింద ఉన్నది ఒక్కడే, డ్రైవర్ యాకూబ్. నా పైన మాత్రం చాలామంది ఉండేవారు.

ఆ పని గురించి ఈనాటి వాళ్లకు రెండు మాటలు చెప్పాలి. టీకా మందును మేము లింఫు అనేవాళ్లం. దూడ చర్మం మీద పెంచి తీసిన రసం అది. సన్నని గాజు గొట్టాల్లో నింపి, ఊకలో చుట్టిన మంచుగడ్డల మధ్య పెట్టి రైల్లో పంపేవారు. కేసముద్రం స్టేషన్లో దించుకునేవాళ్లం. మంచు కరిగిపోతే ఆ ఎండలకు మందు చచ్చిపోయేది. చచ్చిన మందుతో ఎంత గీకినా ఉపయోగం లేదు. మందు మంచిదైతే జబ్బ మీద ఒక చుక్క వేసి, దాని మీద సూదిమొనతో గీయాలి. ఏడో రోజున మళ్లీ వెళ్లి పొక్కు లేచిందో లేదో చూడాలి. లేస్తే టీకా పట్టినట్టు, లేవకపోతే మళ్లీ గీయాలి.

అంటే మాకు శత్రువులు ఇద్దరు, మశూచి ఒకటి, ఎండ ఒకటి. నేను మూడో శత్రువును కూడా వెంట తెచ్చుకున్నాను. అది మూఢనమ్మకం. అప్పటికే కొన్నేళ్లుగా సభల్లో దానితో కుస్తీ పడుతున్నవాణ్ని. అది ఎక్కడ దొరుకుతుందా అని చూస్తూ ఊళ్లలోకి దిగేవాణ్ని.

మాకిచ్చిన కారు ఒక దొరది. ఊళ్లో దొరలను ఎదిరించే సంఘం బలపడ్డాక దొర పట్నం వెళ్లిపోయాడు, కారు అతని కోట లాంటి గడిలో మిగిలిపోయింది. సర్కారు దాన్ని మాకు అప్పగించింది. ఎర్ర రంగు, పైన టాపు లేదు, పక్కన రబ్బరు బుడ్డి నొక్కితే మోగే ఇత్తడి హారను. చెరువుకట్ట మీద ఆ కారులో పోతుంటే చొక్కా నిండా గాలి నిండేది. నాకు నేనే పెద్ద సంఘసంస్కర్తలా కనిపించేవాణ్ని. ఆ అనుభూతి సుమారు రెండు మైళ్లు ఉండేది. తరువాత కారు ఆగిపోయేది.

ఎందుకు ఆగుతుందో తేల్చాలని ఒక నోటుపుస్తకం పెట్టాను. ఎక్కడ ఆగింది, ఎండ ఎంత, రోడ్డు ఎత్తా పల్లమా, అన్నీ రాసేవాణ్ని. యాకూబ్‌కు తన సిద్ధాంతం ఉంది. కల్లు మండువ కనిపిస్తే ఆగుతుందనీ, అది దొర చేసిన అలవాటనీ అనేవాడు. మండువ లేని చోట కూడా ఆగిందని నేను పుస్తకం తెరిచి చూపించాను.

"మీరు రాసుడు షురూ చేసినంకనే ఎక్కువ ఆగుతున్నది సాబ్. దానికి షరమైతున్నట్టున్నది" అన్నాడు.

అతను కారు ముందు ఒక నిమ్మకాయ, ఒక తాయెత్తు కట్టాడు. రెండు మతాలకూ అన్యాయం జరగకుండా రెండింటినీ నేనే కోసి పారేశాను. ఆ రోజు కారు తరిగొప్పుల దాకా ఒక్కసారి కూడా ఆగకుండా పోయింది. హేతువాదం గెలిచిందని మూడు రోజులు యాకూబ్‌కు వినిపించాను. నాలుగో రోజు వాగు మధ్యలో ఆగింది. అతను దిగి, నిమ్మకాయ ఉండే చోటు వంక అలా చూస్తూ నిలబడ్డాడు, అంతే.

ఆగినప్పుడల్లా ఊరివాళ్లు వచ్చి తోసేవారు. ఒకప్పుడు ఆ కారు ఎదురొస్తే చెప్పులు చేతబట్టుకుని పక్కకు నిలబడ్డ మనుషులు వాళ్లు. ఇప్పుడు దాని వెనక భాగం మీద అరచేత్తో చరిచి, "ఏం దొరా, నడువవేందే? తిన్నది అరుగలేదా?" అనేవారు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. అలా తోసుకుంటూ ఊరి నడుమకు తెచ్చేవారు. టీకా వేయించుకున్న ప్రతి మనిషీ హారను ఒకసారి నొక్కవచ్చునని యాకూబ్ ఒక నియమం పెట్టాడు. ముసలివాళ్లు కూడా వరుసలో నిలబడేవారు. ఒక పెద్దమనిషి ఒక చేతికి టీకా అయ్యాక మళ్లీ వరుసలోకి వచ్చి రెండో చెయ్యి చాపాడు.

నేను మాత్రం వాళ్లంతా నా ఉపన్యాసం కోసం వస్తున్నారని అనుకున్నాను. ప్రతి ఊళ్లో సూక్ష్మజీవుల గురించి గంటసేపు మాట్లాడి, "ప్రజలలో శాస్త్రదృష్టి పెరుగుతున్నది" అని పైకి నివేదిక రాసేవాణ్ని.

ఒకసారి కేసముద్రం నుంచి వస్తూ కారు నడి ఎండలో పూటంతా ఆగిపోయింది. మంచు నీళ్లయింది. ఒక పెట్టె మందు మొత్తం చచ్చిపోయింది. ఆ కోపంలో పదకొండు కారణాలతో పై అధికారికి దరఖాస్తు రాశాను. సభలో ప్రత్యర్థిని ఖండించినట్టే కారును ఖండించాను. ప్రపంచ యుద్ధంలో సైన్యం వాడగా మిగిలిన జీపు ఒకటి వెంటనే మంజూరైంది. కారును జనగామ షెడ్డులో అప్పగించేటప్పుడు చూద్దును గదా, యాకూబ్ హారను విప్పుతున్నాడు. అది సర్కారు సొత్తు అన్నాను.

"కారు వాపసు ఇస్తున్నం గద సాబ్. దీని గొంతు జర నా దగ్గర అమానతుగ ఉండనీయున్రి" అన్నాడు.

కొత్త బండి వచ్చిన సంతోషంలో నేను చూడనట్టు ఊరుకున్నాను.

జీపు ఒక్కసారి కూడా ఆగలేదు. ఎత్తు, పల్లం, వాగు, ఇసుక, దానికి అన్నీ ఒకటే. మొదటి ఊరికి చెప్పిన వేళకు చేరాం. ఊళ్లో మనిషి లేడు. పొయ్యిల మీద అన్నం కుతకుతమంటోంది, వండేవాళ్లు లేరు. రెండో ఊరూ అంతే, మూడో ఊరూ అంతే. నాకు వెంటనే అర్థమైపోయింది. మశూచి అంటే వీళ్లకు అమ్మవారు. టీకా వేస్తే అమ్మవారికి కోపం వస్తుందని ఎవడో పూజారి ఎక్కించి ఉంటాడు. మూడో ఊళ్లో, గోడల చాటున దాక్కుని వింటున్నారనే నమ్మకంతో, ఉన్నంత గొంతుతో ఉపన్యాసం ఇచ్చాను. విన్నది ఒక బర్రె. అమ్మవారి భాగం వచ్చేసరికి అదీ లేచి వెళ్లిపోయింది.

నాలుగోది చెల్పూరు దగ్గరి ఊరు. అక్కడ రెండిళ్లలో మశూచి సోకిందని కబురు. ఒకరి నుంచి ఒకరికి పాకకముందే ఊరందరికీ టీకా పడాలి. పెట్టెలో మంచు పిడికెడు మిగిలింది. సాయంత్రం దాటితే ఆ మందు పనికిరాదు, మళ్లీ మందు రావడానికి వారం పడుతుంది. జీపు ఊళ్లోకి దూసుకుపోయింది. ఊరు ఖాళీ.

ఒక అరుగు మీద మల్లవ్వ అనే ముసలామె మాత్రం ఉంది. మోకాళ్లు నొప్పులై పరుగెత్తలేకపోయిందట. ఒళ్లో రెండేళ్ల మనుమరాలు. మశూచి సోకిన ఇల్లు వాళ్ల పక్కిల్లే. పిల్ల జబ్బ చూశాను, నున్నగా ఉంది, టీకా మచ్చ లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అవ్వా, టీకా వేస్తే అమ్మవారికి కోపమొస్తుందనే కదా అందరూ పారిపోయింది?" అని నిలదీశాను.

ఆమె నన్నూ, జీపునూ తేరిపార చూసింది. "అమ్మోరు జీపుల వస్తదా నాయినా?"

మరి ఎందుకు పారిపోయారో నువ్వే చెప్పమన్నాను.

"మోటరు సప్పుడైతే వాగవతలికి ఉరుకుతరు" అంది. "మొన్న మిల్ట్రోళ్లు గిసొంటి దాంట్లనే వచ్చి, సంఘమోళ్లని ముగ్గురు మొగోళ్లను ఎక్కించుకపోయిండ్రు. ఇంకా రాలే."

మేము టీకాల వాళ్లమని చెప్పాను.

"టీకాలోళ్లది ఎర్రకారంట గద! మా బిడ్డ అత్తగారూరికి వచ్చిందట. ఊళ్లకు రాంగనే ఆగిపోతదంట, జనమే తోస్తరంట, పాంపాం అనిపిస్తరంట. మేం గూడ ఎదురుసూస్తున్నం. పట్టుకపోయెటోళ్ల బండ్లు ఎన్నడన్న ఆగుతయా బిడ్డా? ఆగని బండిని సూస్తె మేమెట్ల ఆగుతం?"

యాకూబ్ జీపు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "అయితే దీన్ని ఆపుదాం సాబ్."

"ఆగే ఉంది కదా" అన్నాను.

"గట్ల కాదు. పాడైనట్టు ఆపుదాం."

ముందు పిల్లకు టీకా వేశాను. మల్లవ్వ ఎడ్లు కొట్టంలోనే ఉన్నాయి. జీపును ఊరి బయట అర మైలు దాకా తీసుకుపోయి ఇంజను ఆపాం. ఎడ్లను తోలుకొచ్చి ముందు కట్టాం. అవ్వ పిల్లతో సహా ముందు సీట్లో కూర్చుంది. యాకూబ్ సీటు కింద నుంచి ఇత్తడి హారను తీసి ఆమె చేతికిచ్చాడు. తను స్టీరింగు పట్టుకుని, "దీని ఇంజన్ పాడుగాను, ఆగిపోయింది అన్నా, జర తోయున్రి!" అని అడవి వైపు అరవసాగాడు. ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరునైన నేను వెనక నుంచి తోశాను. మల్లవ్వకు హారను బాగా నచ్చింది. తోసే వాడి చెవుల గురించి ఆమె ఆలోచించలేదు.

కాసేపటికి వాగు ఒడ్డున మోదుగు చెట్ల చాటు నుంచి ఒక మనిషి తొంగిచూశాడు. "గిది సుత ఆగిందా?"

"ఆగింది" అన్నాను.

"ఎందుకాగింది?"

సత్యమే పలకాలని సభల్లో ఎన్నోసార్లు చెప్పినవాణ్ని. "ఇంజనులో ఏదో లోపం" అన్నాను.

అతను వచ్చి నా పక్కన భుజం పెట్టాడు. తరువాత ఇంకో ఇద్దరు, ఆ తరువాత ఊరంతా. మంచు పూర్తిగా కరిగేలోపు వచ్చిన వాళ్లందరికీ టీకా వేశాను. ఉపన్యాసానికి సమయం లేకపోయింది. ఎవరూ దాని ఊసే ఎత్తలేదు.

తిరుగు ప్రయాణంలో చిక్కొచ్చింది. యాకూబ్ అలవాటు కొద్దీ మీట నొక్కాడు. జీపు ఒక్క దెబ్బకు లేచింది. అందరూ మా వైపు తిరిగారు. ముందు నవ్వింది మల్లవ్వే. "మంచిగున్న బండికి నా ఎడ్లు కట్టిండ్రు గదనే సారు!" అంది. తరువాత ఊరంతా నవ్వింది. ఏడో రోజున వెళ్లేసరికి ఊరి బయట ఎడ్లతో సిద్ధంగా ఉన్నారు. మల్లవ్వ మనుమరాలి జబ్బ మీద పొక్కు గుండ్రంగా లేచింది.

మాట ఊరూరా పాకింది. అప్పటి నుంచి ప్రతి ఊరి పొలిమేరలో ఇంజను ఆపి హారను కొట్టి, తోసేవాళ్ల కోసం కూర్చునేవాళ్లం. బండి బాగానే ఉందని వాళ్లకు తెలుసు, వాళ్లకు తెలుసని మాకూ తెలుసు. తాము తోస్తే వచ్చిన బండి, తాము వద్దంటే ఆగుతుందని వాళ్ల లెక్క. ఒకసారి పై అధికారి తనిఖీకి వచ్చి, నడిచే జీపును ఇరవై మంది తోస్తుంటే చూశాడు. ఇదేం మూఢాచారమని నన్ను అడిగాడు. కారణం చెప్పాను. ఆయన కూడా దిగి ఒక చెయ్యి వేశాడు.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. ఒక మనిషి చేసే పనికి కారణం నాకు కనిపించకపోతే, అది మూఢనమ్మకమని పేరు పెట్టేముందు అతన్నే అడగాలి. ఖాళీగా కనిపించిన మూడు ఊళ్లలో నేను ఎవరినీ వెతికి అడగలేదు, మూడోదాంట్లో ప్రసంగించాను కూడా. ఆ మూడు ఊళ్లలో ఏడో రోజున చూడడానికి ఒక్క పొక్కు కూడా లేదు. వాటికి మళ్లీ వెళ్లాల్సి వచ్చింది, ఈసారి ఎడ్లతో.