రాయి కోసం వంగినవాడు

ముందుగా, తింటున్న అన్నం మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క మాటా అబద్ధం లేదు. ఆ రోజుల్లో జంషెడ్‌పూర్ సీతారామ్‌డేరా బస్తీలో పెరిగిన మా తెలుగు కుర్రాళ్లకి అక్షరాలకన్నా ముందు వచ్చిన విద్య వంగడం. "ఒరే, కుక్క ఎనకబడితే పరిగెట్టకు. రాయి ఏరుతున్నట్టు వంగు, సాలు," అనేవాడు మా మావయ్య. నిజంగా రాయి ఉండక్కర్లేదు. వంగితే చాలు, కాలూ అనే మా వీధి కుక్క (ఒళ్లంతా నలుపు, పళ్లు మాత్రం తెలుపు) సువర్ణరేఖ నది ఒడ్డుదాకా ఆగేది కాదు.

ఎనభైల మొదట్లో నేను పనిచేసే ఉక్కు కార్ఖానా వాళ్లు నన్ను ఆర్నెల్ల ట్రైనింగుకి జర్మనీ పంపారు. అక్కడ కుక్కలు ట్రాముల్లో సీటు కింద పెద్దమనుషుల్లా కూర్చునేవి. మొరగవు, ఎవరి జోలికీ పోవు. (మన రైళ్లలో మనుషులే అలా కూర్చోరు.) గది అద్దెకిస్తానన్న ముసలావిడ, వాకిట్లో ఉన్న దూడంత కుక్కని చూపించి, "వీడికి నచ్చితేనే గది," అంది. నాకన్నా ముందు ఇద్దరు వీడికి నచ్చక పెట్టెలతో వెనక్కి పోయారట. నేనూ పోతే ఆర్నెల్లూ నాతో వచ్చిన మా ఫోర్‌మన్ గదిలో నేలమీద పడకే. ఆయన గురక మొదలెడితే రోలింగ్ మిల్లు సెలవు పెట్టాలి.

అంతలో కుక్క నా మీదకి ఉరికింది. బుర్ర పనిచెయ్యలేదు గానీ నడుం పనిచేసింది. వంగాను. అది పారిపోవాలి కదా? ఎదురుగా కూర్చుని, తోకాడిస్తూ నా చేతివంకే చూసింది. పుట్టి బుద్ధెరిగాక దానిమీద ఎవరూ రాయి విసరలేదు మరి. వంగినవాడు ఆటకి పుల్ల ఏరుతున్నాడనుకుంది. దొరికిన పుల్లే విసిరాను. పట్టుకొచ్చి ఇచ్చింది. ముసలావిడ తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఇంతవరకూ వీడికెవరూ వంగి నమస్కారం పెట్టలేదు. మీ దేశపు మర్యాద గొప్పది," అంది. నేను ఇంకోసారి వంగి, పెట్టె అందుకుని లోపలికి నడిచాను.

తిరిగొచ్చిన రోజు వీధంతా చూస్తుండగా కాలూ మొరుగుతూ వచ్చింది. జర్మనీ అలవాటుకొద్దీ చేత్తో బిస్కట్ పట్టుకుని ప్రేమగా వంగాను. అంతే, తోక ముడిచి సువర్ణరేఖ వైపు పరుగు. "సూసినారా, ఫారిన్ ఎల్లొచ్చినా మావోడు వంగే ఇద్దె మరిసిపోనేదు," అని మావయ్య వీధి మొత్తానికి చాయ్ పోయించాడు.

ఒట్టేశాను గనక ఒప్పుకుంటున్నాను: ఆ బిస్కట్ ఒక్కటే నా కల్పన. చేతిలో ఉన్నది రాయే. విసరలేదు, అది మాత్రం నిజం. ఇప్పుడు వంగితే నడుం పట్టేస్తోంది. ఆ సంగతి కాలూ మునిమనవలకి తెలిసిపోయినట్టుంది, ఒక్కటీ పరిగెత్తదు. నేను లేచేదాకా పక్కనే పెద్దమనుషుల్లా కూర్చుంటున్నాయి.